ఊరదోసకాయ తింటావా, తినవా?

మా హైస్కూల్లో పిల్లలకి సలహాలు చెప్పే కౌన్సిలర్ ఆర్విడ్ నైబర్గ్‌కి ఈ భూప్రపంచంలో తెలిసిన సబ్జెక్టు ఒక్కటే. మధ్యాహ్న భోజనం.

తొమ్మిదో తరగతిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏ క్లాసులు తీసుకోవాలి, ఏ పీరియడ్‌లో ఏది పెట్టుకోవాలి అని దగ్గర కూర్చోబెట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. దానికే జీతం. ప్రతి జూన్‌లోనూ జిమ్‌లో మడతబల్ల వేసుకుని కూర్చుంటాడు. పిల్లలు అమ్మానాన్నల్ని వెంటేసుకుని వరసలో వస్తారు. లెక్కలేం తీసుకుంటావు, సైన్సేం తీసుకుంటావు అని అడుగుతాడు కాబోలని చూస్తుంటారు. ఈయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముందుకి వంగి, పోలీసాయన ఆరా తీసినట్టు అడుగుతాడు.

"ఊరదోసకాయ తింటావా, తినవా?"

శాండ్‌విచ్ పక్కన నంజుకోవడానికి ఉప్పునీళ్లలో ఊరేసిన దోసకాయ గురించి ఈ ఆరా అంతా. ఈ జూన్‌లో బ్యాంకు మేనేజరు రోజర్ ఫిస్క్ తన కొడుకు కోల్బీని పట్టుకొచ్చాడు. వాడు పుట్టినప్పుడే రాకెట్లు చేస్తాడని తండ్రి తీర్మానం చేసి పెట్టుకున్నాడు.

"మావాడికి ఫిజిక్సు, పై తరగతి లెక్కలు, వీలైతే జర్మనూ వేయండి," అన్నాడు ఫిస్క్.

"వేద్దాం. శాండ్‌విచ్ అంచులు తింటాడా, తుంచి పడేస్తాడా?"

"పడేస్తాడు. దానికీ రాకెట్లకీ ఏమిటండీ సంబంధం?"

"రాకెట్ చేసేవాడైనా మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట కూర్చుని తినాలి కదండీ," అన్నాడు నైబర్గ్, అంచుల సంగతి శ్రద్ధగా రాసుకుంటూ.

ఫిస్క్ మొహం కందగడ్డ చేసుకుని నా కిటికీ దగ్గరికొచ్చాడు. "మావిస్, ఆ మనిషికి బుర్రనేది ఉందా?"

"ఎందుకు లేదండీ! ఉంది. కాకపోతే కడుపులో ఉంది," అన్నాను.

నేనంటే మావిస్‌ని. ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసే హాజరు గుమాస్తాని. నా కంటబడకుండా ఈ స్కూల్లో ఎలుక కూడా పీరియడ్ ఎగ్గొట్టలేదు. నా నోరు మంచిది కాదని ఊళ్లో అంటుంటారు. అబద్ధం ఎందుకాడాలి, మంచిది కాదు.

మా భోజనాల హాలు చిన్నది. పిల్లలందరూ ఒక్కసారి పట్టరు. అందుకని పెళ్లిలో వడ్డించినట్టు మూడు బంతులు. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలన్నది వాళ్ల నాలుగో పీరియడ్ క్లాసుని బట్టి ఉంటుంది. నాలుగో పీరియడ్‌లో సైన్సుంటే మొదటి బంతి. వడ్రంగం, బొమ్మలు, సంగీతం ఉంటే రెండో బంతి. లెక్కలుంటే మూడో బంతి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదని నైబర్గ్ తప్ప అందరం అనుకునేవాళ్లం.

మరి నైబర్గ్ ఏ బంతిలో తింటాడంటారా? మూడింట్లోనూ! మొదటి బంతికి గంట కొట్టగానే ప్లేటు పట్టుకుని హాల్లోకి పోతాడు, మూడో బంతి లేచేదాకా రాడు. కడుపే కైలాసం అంటే ఈయనదే. పోనీ తిన్నది ఒంటికి పట్టిందా? మనిషి తలుపంత ఎత్తు, వెదురుబద్దంత లావు. బెల్టుకి ఉన్న చిల్లులు చాలక మేకుతో కొత్తవి కొట్టుకుంటాడు. కొంతమందికి ఎంత తిన్నా అంతేలే అనుకుని ఊరుకునేవాళ్లం.

అంత తిని కూడా ఊరుకుంటాడా! ఆఖరి గంట కొట్టగానే నా కిటికీ దగ్గర ప్రత్యక్షం.

"మావిస్ తల్లీ, ఆ డబ్బాలో అల్లం బిస్కెట్లేమైనా..."

"మూడు బంతులు లాగించి వచ్చావు, ఇంకా ఆకలేమిటయ్యా నీకు? కడుపా, చెరువా?"

"ఆకలికి సిగ్గెక్కడిది తల్లీ," అని నవ్వేవాడు, డబ్బా మీద చెయ్యి వేసేవాడు.

సొరుగుకి తాళం వేసి చూశాను. అప్పుడు వెళ్లి కోచ్ అరటిపళ్ల మీద పడ్డాడు. ఆయనా దాచుకోవడం మొదలుపెడితే కెమిస్ట్రీ గదికి పోయి, 'ఇక్కడ ఏమీ తినరాదు' అన్న బోర్డు కింద నిలబడి టీచరమ్మ శాండ్‌విచ్ తినేశాడు. తిండికి తిమ్మరాజు అని నేను పెట్టిన పేరు స్కూలంతా పాకింది. ఆయన వినీ విననట్టుండేవాడు.

ఇక ఆయన గది చూస్తే చాకిరేవే. ఈ గోడ నుంచి ఆ గోడకి మూడు తాళ్లు. ఒక్కో తాడు ఒక్కో బంతి. తాళ్ల నిండా బట్టలకి పెట్టుకునే చెక్క క్లిప్పులు. ఒక్కో క్లిప్పు మీద ఒక్కో కొత్త పిల్లో పిల్లాడో పేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ క్లిప్పుల్ని ఈ తాడు నుంచి తీసి ఆ తాడుకి, ఇటునుంచి తీసి అటుకి మారుస్తూ, తనలో తను గొణుక్కుంటూ తిరుగుతాడు. "వీడికి క్యారెట్లు పడవు... ఆ అమ్మాయి కుందేలు జాతి... రా నాయనా, ఇటు రా..."

ఇదంతా మాకు ఏటేటా వినోదం. ఈ ఏడు మాత్రం నా ఇంటిదాకా వచ్చింది.

నా మనవరాలు లిన్నియా, నా కూతురి బిడ్డ, ఈ వసంతంలోనే తల్లితోపాటు మా ఇంటికి వచ్చేసింది. చురుకైన పిల్ల. లెక్కల్లో దాన్ని మించినవాళ్లు లేరు. కానీ వచ్చిననాటి నుంచీ ఒకటే మాట, "అమ్మమ్మా, నేను హైస్కూలుకి రాను. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని చదువుకుంటాను." ఎందుకే అంటే చెప్పదు. బతిమాలాం, కోప్పడ్డాం, ఐస్‌క్రీం పెట్టి అడిగాం. ఊహూఁ. పధ్నాలుగేళ్ల పిల్ల గది తలుపేసుకుని అందులోనే పెద్దదైపోతుందేమోనని నాకు గుండెల్లో రాయి పడింది.

ఎలాగో నచ్చజెప్పి జూన్‌లో నైబర్గ్ బల్ల ముందు కూర్చోబెట్టాను.

"ఊరదోసకాయ తింటావా, తినవా?"

"తింటాను," అంది లిన్నియా నేలచూపులు చూస్తూ.

"ఒకటా, రెండా?"

"ఎన్నున్నా."

నైబర్గ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఎన్నున్నానా! ఎన్నున్నా అంటే ఎన్నున్నానా?" లాటరీ తగిలినట్టే ఉంది ఆయన వాలకం. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఎవరితో కూర్చుని తింటావు తల్లీ?" అన్నాడు.

పిల్ల మొహం ముడుచుకుపోయింది. నాకు ఒళ్లు మండి మధ్యలో దూరాను.

"ఏమయ్యా, తిండి గోల ఆపి పని చూడు. అది లెక్కల్లో దిట్ట. నాలుగో పీరియడ్‌లో పై తరగతి జామెట్రీ వెయ్యి."

"జామెట్రీ ఆరో పీరియడ్‌లో. నాలుగో పీరియడ్‌లో వడ్రంగం."

"వడ్రంగమా! ఆరో పీరియడ్‌లో చెప్పేది ముసలి హాన్సన్ కదయ్యా, క్లాసులో నిద్రపోతాడు!"

"హాన్సన్ నిద్రపోతే పోయాడు, జామెట్రీ మెలకువగానే ఉంటుందిలే."

"నీ ఊరదోసకాయ కోసం నా మనవరాలు రంపం పట్టుకోవాలా?"

"మావిస్ తల్లీ, క్లాసు అటూ ఇటూ జరిగితే ఏమీ కాదు. బంతి జరిగితే ఏడాదే పోతుంది," అన్నాడు చాలా మర్యాదగా, 'వడ్రంగం' అని రాసేస్తూ. నేను విసవిసా లేచొచ్చేశాను. వారం రోజులు సొరుగుకి రెండు తాళాలు వేశాను.

జూలైలో మాకు కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. డాక్టర్ స్టాన్‌హోప్. పేరు ముందు డాక్టర్ అనకపోతే పలకడు, దగ్గుకి మందడిగితే ఇవ్వలేడు. వస్తూనే నైబర్గ్ గదిలో తాళ్లు చూసి కళ్లు తేలేశాడు.

"ఏమిటిది?"

"కొత్త పిల్లల టైమ్‌టేబులండీ," అన్నాడు నైబర్గ్.

"మిస్టర్ నైబర్గ్, మనం ఏ కాలంలో ఉన్నాం? నేను కంప్యూటర్ ప్రోగ్రామ్ తెప్పించాను. పిల్లలకి కావలసిన క్లాసులు అందులో వేస్తే అరనిమిషంలో అందరి టైమ్‌టేబులూ అదే చేస్తుంది."

"దానికి ఊరదోసకాయల సంగతి తెలుసాండీ?"

ప్రిన్సిపాల్ నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. మర్నాటికి తాళ్లు దిగిపోయాయి. క్లిప్పులన్నీ ఒక అట్టపెట్టెలో పడ్డాయి. ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని నైబర్గ్ దిగులుగా కూర్చున్నాడు. నాకు జాలి వేయలేదని చెప్పను గానీ, జామెట్రీ నాలుగో పీరియడ్‌లోకి వస్తుందన్న సంతోషం ముందు ఆ జాలి నిలబడలేదు.

ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం పొద్దున్న టైమ్‌టేబుళ్లు ఇళ్లకి వచ్చాయి. నేను ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. లిన్నియా కవరు చింపింది, కాగితం చూసింది, వంటింట్లో గెంతడం మొదలుపెట్టింది. ఆ పిల్ల గెంతడం నేను చూసి ఎన్నాళ్లయిందో!

"అమ్మమ్మా! వస్తాను! నేను స్కూలుకి వస్తాను!"

"నా బంగారు తల్లే! జామెట్రీ వచ్చిందా?"

"వచ్చింది, అన్నీ వచ్చాయి! పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులే! భోజనం లేదు అమ్మమ్మా! ఇదిగో చూడు, ఎక్కడా లేదు!"

చూశాను. నిజమే. గంట గంటకీ గొప్ప గొప్ప క్లాసులు, మధ్యలో ముద్ద తినడానికి సందు లేదు. నాకు నవ్వొచ్చింది. "పిచ్చిమొహమా, ఆకలితో మాడిపోతావే!"

"ఏం కాదు, నాకు అలవాటే," అంది అది ఇంకా నవ్వుతూనే. "పోయిన ఏడంతా తినలేదుగా."

నా నవ్వు ఆగిపోయింది. "అంటే ఏమిటే?"

అప్పుడు చెప్పింది. పాత స్కూల్లో ప్లేటు పట్టుకుని హాల్లో నిలబడితే ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదట. ఏ బల్ల దగ్గరికెళ్లినా ఖాళీ కుర్చీలో బ్యాగు పెట్టేసేవారట. అందుకని ఇంటినుంచి డబ్బా పట్టుకెళ్లి బాత్‌రూమ్‌లో తలుపేసుకుని కూర్చునేదట. "శాండ్‌విచ్ కొంచెం తినేదాన్ని. ఊరదోసకాయ మాత్రం తినేదాన్ని కాదు అమ్మమ్మా. కరకరమని చప్పుడైతే బయటివాళ్లకి తెలిసిపోతుంది కదా."

నా నోరు పడిపోయింది. నా నోరు పడిపోవడం మా ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పిల్లని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. 'మరి ఎవరితో కూర్చుని తింటావు తల్లీ?' అని ఆ వెదురుబద్ద ఎందుకడిగాడో అప్పుడు నా మట్టిబుర్రకి ఎక్కింది. కారు తీసి స్కూలుకి పరిగెత్తాను.

అక్కడ జాతర జరుగుతోంది. ప్రిన్సిపాల్ గది ముందు తల్లులూ తండ్రులూ కాగితాలు ఊపుతూ అరుస్తున్నారు. చదువుల్లో మొదటి వరస పిల్లలెవరికీ భోజనం లేదు. అందరికంటే ముందు రోజర్ ఫిస్క్.

"డాక్టర్, మావాడికి ఫిజిక్సు లేదు, జర్మన్ లేదు! మూడు భోజనాలున్నాయి!"

"నాకు బాగానే ఉంది నాన్నా," అన్నాడు కోల్బీ వెనకనుంచి.

ప్రిన్సిపాల్ చెమటలు కక్కుతున్నాడు. "ఎక్కడో చిన్న పొరపాటు... తప్పనిసరి క్లాసులన్నిటికీ గుర్తు పెట్టానే! ఇంగ్లిషుకి పెట్టాను, లెక్కలకి పెట్టాను, ఆటలకి పెట్టాను..."

"భోజనానికో?" అన్నాను నేను.

ఆయన చేతిలో కాగితం తిరగేసి చూశాడు. "భోజనం... క్లాసు కాదు కదా."

అదీ సంగతి! దొరగారు భోజనాన్ని తప్పనిసరిలో వేయడం మరిచిపోయారు. మిషను దాన్ని సరదా క్లాసనుకుని, చదివే పిల్లల నుంచి పీకేసి, మిగిలిన ఖాళీలన్నిటినీ దాంతోనే పూడ్చేసింది. కోటి విద్యలూ కూటికోసమే అన్న ముక్క ఈయన చదివిన డాక్టరు చదువులో లేదు కాబోలు. ఆ మాట మొహమ్మీదే అనేశాను కూడా. నైబర్గ్ మాత్రం అట్టపెట్టె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "తాళ్లు ఎక్కడున్నాయండీ?" అని అడిగాడు.

మర్నాడు శనివారం ముగ్గురం నైబర్గ్ గదిలో కూర్చున్నాం. సోమవారం స్కూలు తెరవాలి. నేను పేర్లు చదువుతున్నాను, నైబర్గ్ క్లిప్పులు పెడుతున్నాడు, డాక్టర్ స్టాన్‌హోప్ మేకు ఊడిపోయిన తాడు కొస పట్టుకుని గోడలా నిలబడ్డాడు.

"మిస్టర్ నైబర్గ్, దీని వెనక సిద్ధాంతం ఏమిటో చెబుతారా?"

"సిద్ధాంతమా? ఏముందండీ! కొత్తచోట ఏ పిల్లయినా పక్కపిల్లని 'నాతో స్నేహం చేస్తావా' అని నోరు విప్పి అడుగుతుందా? చచ్చినా అడగదు. 'అది నువ్వు తినవా, అయితే నాకిస్తావా' అని మాత్రం ఎవరైనా అడుగుతారు. అందుకని వదిలేసేవాళ్లనీ తినేవాళ్లనీ ఒక బంతిలో వేస్తాను. తక్కినది వాళ్లే చూసుకుంటారు."

తాడు పట్టుకున్న మనిషి ఆ క్లిప్పుల వరస ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత మెల్లిగా, "నేను శాండ్‌విచ్ అంచులు వదిలేస్తాను," అన్నాడు.

"తెలుసండీ. మొదటిరోజే చూశాను," అన్నాడు నైబర్గ్.

లిన్నియా క్లిప్పు నా చేతికొచ్చింది. ఇవ్వకుండా గుప్పిట్లో పట్టుకున్నాను. "ఆర్విడ్, దీన్ని..."

"దాని సంగతి జూన్‌లోనే తేలిపోయింది తల్లీ. కోస్కీ వాళ్ల ముసలమ్మ తెలుసుగా? నేలమాళిగ నిండా ఊరదోసకాయ జాడీలే. మనవరాలు బ్రిటాకి రోజూ డబ్బా నిండా కుక్కి పంపుతుంది. బ్రిటాకి ఆ వాసనే పడదు. పారేస్తే మహాపాపం, వెనక్కి తెస్తే పెద్ద రభస. వాటిని వదిలించుకునే మనిషి కోసం ఆ పిల్ల దిక్కులు చూస్తోంది."

"బ్రిటాకి నాలుగో పీరియడ్‌లో ఏముంది?"

"వడ్రంగం," అన్నాడు నైబర్గ్, క్లిప్పు రెండో తాడుకి పెడుతూ.

కొత్త టైమ్‌టేబులు చూసి లిన్నియా మళ్లీ ముడుచుకుపోయింది. భోజనం తిరిగొచ్చిందిగా! "నేను రాను అమ్మమ్మా," అంది. "ఒక్కరోజు రావే. కుదరకపోతే మీ అమ్మతో నేనే మాట్లాడతాను, ఇంట్లోనే చదువుకుందువు గాని," అన్నాను. అన్నానే గానీ సోమవారం రెండో బంతి గంట కొట్టేసరికి ఆఫీసులో కూర్చోలేకపోయాను. కిటికీ మూసేసి, పోయి భోజనాల హాల్లో పిల్లలు గ్లాసుల్లో పాలు పట్టుకునే పాలమిషను వెనక నక్కాను.

వచ్చింది. ప్లేటు పట్టుకుని హాలు మధ్యలో నిలబడింది. ఎటు చూసినా పిల్లలు, గోల. దాని చూపు నెమ్మదిగా తలుపువైపు తిరిగింది. అయిపోయింది, వెళ్లిపోతుంది అనుకున్నాను. ఇంతలో కిటికీ పక్క బల్ల దగ్గరనుంచి, జుట్టులో రంపపు పొట్టు ఇంకా దులుపుకోని ఒక పిల్ల గావుకేక పెట్టింది.

"ఏయ్! వడ్రంగం క్లాసు పిల్లా! నిన్నే! ఊరదోసకాయ తింటావా, తినవా?"

లిన్నియా వెనక్కి తిరిగింది. "తింటాను."

"ఎన్ని?"

"ఎన్నున్నా."

"బాబోయ్, ఇన్నాళ్లూ ఎక్కడున్నావే నువ్వు! రా, కూర్చో!" అంటూ బ్రిటా కోస్కీ పక్క కుర్చీలో ఉన్న తన బ్యాగు తీసి నేలమీద పడేసింది.

నా మనవరాలు కూర్చుంది. ఊరదోసకాయ తీసుకుని కొరికింది. కరకరమన్న ఆ చప్పుడు పాలమిషను వెనకున్న నాకు వినబడింది. ఇంకోటి కొరికింది, ఇంకా గట్టిగా. అమ్మయ్య!

కళ్లు తుడుచుకుని చూద్దును కదా, మూల బల్ల దగ్గర నైబర్గ్. ఎదురుగా ఒంటరిగా కూర్చున్న ఒక కుర్రాడు. నైబర్గ్ ప్లేట్లో బంగాళాదుంపలు, మాంసం, మొక్కజొన్న, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "నాకు మొక్కజొన్న పడదు నాయనా, కాస్త నువ్వు పుచ్చుకుంటావా?" అంటున్నాడు. అబద్ధాలకోరు! నా మొక్కజొన్న రొట్టె ఎన్నిసార్లు కాజేశాడో నాకు తెలియదూ! నేను అక్కడే ఉండి మూడో బంతి కూడా చూశాను. అదే ప్లేటు, అవే చల్లారిన బంగాళాదుంపలు, ఇంకో ఒంటరి పిల్ల. "నాకు బంగాళాదుంపలు పడవమ్మా..." ఈయన మూడు బంతుల్లో తిరిగినమాట నిజమే, ఒక్క బంతిలోనూ ముద్ద ఎత్తలేదు. ఆ తర్వాత ఆకలేసి నా బిస్కెట్ల మీద పడక ఏం చేస్తాడు పాపం!

ఆఖరి గంట కొట్టింది. కిటికీ దగ్గర తలుపంత నీడ పడింది.

"మావిస్ తల్లీ, ఆ డబ్బాలో అల్లం బిస్కెట్లేమైనా..."

"లేవు," అన్నాను. మొహం వాడిపోయింది పాపం. సొరుగులోంచి ఇంత లావు శాండ్‌విచ్ తీసి బల్లమీద పెట్టాను. ఇంటికెళ్లి చేసుకొచ్చాను మరి. "అంచులు తింటావా, తినవా?"

"అన్నీ తింటాను తల్లీ," అన్నాడు తిమ్మరాజు, అప్పటికే సగం నోట్లో పెట్టేసుకుని.

నేను కిటికీ మూసేసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. మా స్కూల్లో ఒక మనిషి ఒంటరిగా తింటుంటే చూస్తూ ఊరుకోవడానికి నేనేం డాక్టరు చదువు చదవలేదు.